లదాఖ్ రైడ్, మా రైడింగ్ క్లబ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సంక్రాంతి దాటగానే మా హైదరాబాద్ రైడింగ్ గ్రూపులో ఒకటే గోల: ఈసారి లదాఖ్‌కి ఎవరెవరు? దాని వెనకే అవే సందేహాలు, దాదాపు అదే వరుసలో. ఆదివారం టీ బండి దగ్గర చెప్పిందే చెప్పి విసుగొచ్చి, చివరికి ఇలా రాసిపెట్టాను. నాలుగుసార్లు బయలుదేరాను, మూడుసార్లు లదాఖ్‌లోని ముఖ్య పట్టణం లేహ్ చేరాను. మీకు కావలసిన ప్రశ్న ఎక్కడుంటే అక్కడి నుంచి చదువుకోండి.

## క్లబ్బులో చేరేముందు

నాది 150 సీసీ బండి. క్లబ్బులో చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. పెద్ద బళ్లవాళ్లకు మాత్రమే అనే క్లబ్బులు కొన్ని ఉన్నాయి, ఒకే కంపెనీ బళ్లకు పరిమితమైనవీ ఉన్నాయి. మిగతా చోట్ల ఎవరూ సీసీలు చూడరు. చూసేది హెల్మెట్, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. చెప్పులేసుకుని వచ్చినవాణ్ని మేం ఇంటికి పంపించేసిన సందర్భాలున్నాయి, అతని బండి ఎంత ఖరీదైనదైనా సరే.

ఒక ప్లేటు ఇడ్లీ కోసం తెల్లవారుజామున 4 గంటలకు లేచి అంతదూరం వెళ్లడం ఏమిటి?

ఇడ్లీ ఒక వంక మాత్రమే. బ్రేక్‌ఫాస్ట్ రైడ్ అంటే కొత్తవాడు ఎలా నడుపుతాడో పాతవాళ్లు చూసే పరీక్ష, పాతవాళ్లు ఎలాంటివాళ్లో కొత్తవాడు చూసుకునే పరీక్ష. మేం ఎక్కువగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకో, నాగార్జునసాగర్‌కో, బీదర్‌కో వెళ్తాం. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్లలో టూవీలర్లను రానివ్వరు కాబట్టి ఎక్కడ కలవాలో ముందురోజు రాత్రే సరిగ్గా చెప్పుకుంటాం. బయలుదేరే ముందు 5 నిమిషాలు మాట్లాడుకోవడం ఉంటుంది: ముందు ఎవరు, చివర ఎవరు, ఎక్కడ ఆగుతాం. ఆ 5 నిమిషాలు ఫోన్ చూసుకునేవాడు మొదటి జంక్షన్‌లోనే తప్పిపోతాడు. ఇందులో ఇంతవరకు మార్పు లేదు.

నేను నెమ్మదిగా నడుపుతాను. అందరూ నాకోసం ఆగాలంటే మొహమాటంగా ఉంటుంది. ఏం చేయాలి?

మొహమాటపడి వేగం పెంచకండి, అంతకంటే ప్రమాదం లేదు. మా పద్ధతిలో అందరికంటే నెమ్మదిగా నడిపేవారు రెండో స్థానంలో, ముందు వెళ్లే లీడ్ వెనకే ఉంటారు. లీడ్ తన అద్దంలో వాళ్లను చూసుకుంటూ వేగం సర్దుకుంటాడు. మిగతావాళ్లంతా వాళ్ల వెనక. నెమ్మదిగా వచ్చేవాళ్లను చివర పెడితే ఏమవుతుందంటే, ముందువాళ్లు టీ తాగి లేచే సమయానికి వాళ్లు చేరతారు. అంటే బాగా అలిసినవాడికే విశ్రాంతి ఉండదు. మైదానంలో దీనివల్ల చిరాకు మాత్రమే. 4,500 మీటర్ల ఎత్తులో ఆ మనిషి నిజంగానే పడిపోతాడు.

అమ్మాయిలు వస్తారా?

వస్తారు. మా గ్రూపులో మంచి స్వీప్, అంటే అందరి వెనక వస్తూ ఆగినవాళ్లను చూసుకునే మనిషి, ఒక అమ్మాయే. రాత్రి బస గురించి ముందే స్పష్టంగా మాట్లాడుకోండి. ‘అక్కడికెళ్లాక చూద్దాంలే’ అనే గ్రూపుతో వెళ్లకండి.

క్లబ్బుల్లో గొడవలు ఎందుకొస్తాయి?

డబ్బు, వేగం, మందు. ఈ మూడే. డబ్బు గొడవకు విరుగుడు సులువు: బయలుదేరే ముందే తలా ఇంత అని ఒకరి దగ్గర పోగుచేసి, ఏ రోజు లెక్క ఆ రోజు రాత్రి గ్రూపులో పెట్టడం. వేగం విషయంలో ఒకసారి చెప్తాం, రెండోసారి తర్వాతి రైడ్‌కి పిలవం. మందు బండి దిగాక వాళ్లిష్టమే గానీ, మర్నాడు ఘాట్ రోడ్డు ఉంటే ముందురోజు రాత్రి కూడా వద్దంటాం. నాలుగో కారణం కూడా ఒకటి ఈమధ్య తయారైంది: వీడియో కోసం ప్రతి మలుపులో ఆగేవాళ్లు. దానికి ఇంకా విరుగుడు కనిపెట్టలేదు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

అబద్ధం చెప్పి వచ్చేవాళ్లను మేం తీసుకెళ్లం. ఏ రోజు ఎక్కడ పడుకుంటామో ఒక కాగితం మీద రాసి, గ్రూపులో ఇద్దరి నంబర్లు వేసి ఇంట్లో ఇవ్వండి. ‘ఫలానా రెండు రోజులు ఫోన్ కలవదు, కంగారుపడొద్దు’ అని ముందే చెప్పండి. మా అమ్మకు మొదటిసారి ఆ ముక్క చెప్పలేదు. రెండో రాత్రికల్లా మా మేనమామ ఢిల్లీలో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసేశాడు.

## ప్లాన్ వేసుకునేటప్పుడు

ఏ నెల మంచిది?

మాకు నచ్చేది సెప్టెంబరు మొదటి మూడు వారాలు. మనాలీ–లేహ్ దారి మామూలుగా మే, జూన్ మధ్య తెరిచి, అక్టోబరు దాకా ఉంటుంది. జూన్‌లో మంచు గోడల ఫొటోలు బాగా వస్తాయి, వాగుల్లో నీళ్లు కూడా బాగానే వస్తాయి. జులై, ఆగస్టుల్లో లేహ్ ఎండగానే ఉన్నా హిమాచల్ వైపు వానలకు కొండచరియలు విరిగిపడతాయి. 2023 జులై వరదలకు కులు, మనాలీ రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో గుర్తుందిగా. లేహ్‌లో వానే పడదనీ అనుకోవద్దు, 2010 ఆగస్టులో కుంభవృష్టి ఆ ఊరినే ముంచింది.

శ్రీనగర్ మీదుగా వెళ్లాలా, మనాలీ మీదుగానా?

వెళ్లేటప్పుడు శ్రీనగర్, వచ్చేటప్పుడు మనాలీ. దీని మీద మా గ్రూపులో వాదన లేదు. రెండు దారులూ 420, 430 కిలోమీటర్ల చొప్పున ఇంచుమించు సమానమే, తేడా ఎత్తులో ఉంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు. జోజి లా (‘లా’ అంటే కొండ కనుమ) 3,528 మీటర్లే, దాటాక కిందికి దిగి కార్గిల్‌లో సుమారు 2,700 మీటర్ల దగ్గర పడుకుంటారు. మర్నాడు దారిలో అన్నిటికంటే ఎత్తైన ఫోతు లా 4,108 మీటర్లు, అది దాటి లామాయూరు మఠం చూసుకుంటూ 3,500 మీటర్ల లేహ్ చేరతారు. ఒళ్లు మెట్టు మెట్టుగా అలవాటు పడుతుంది.

మనాలీ వైపు అలా కాదు. 2,000 మీటర్ల మనాలీ నుంచి ఒకటిన్నర రోజులో బారాలాచా లా, లాచుంగ్ లా, 5,300 మీటర్లు దాటే తంగ్లాంగ్ లా ఎక్కాలి. 2020 అక్టోబరులో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వల్ల రోహ్తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, 46 కిలోమీటర్లు తగ్గింది. దాంతో పైకి ఇంకా త్వరగా చేరిపోతున్నారు, అదీ తంటా. చాలామంది సగం దారి అని సర్చూలో పడుకుంటారు. అది సుమారు 4,300 మీటర్లు. నేను చేరలేకపోయిన ఆ ఒక్కసారి జరిగింది ఇదే: సర్చూ గుడారంలో మా వాడొకడు రాత్రంతా తలనొప్పితో, వాంతులతో గడిపాడు. తెల్లారి లేచి నాలుగడుగులు వేస్తే తూలిపోయాడు. గ్రూపు ముందుకెళ్లింది, అతని బండిని అక్కడే వదిలి అతన్ని నా వెనక కూర్చోబెట్టుకుని నేను కిందికి దిగాను. జిస్పా చేరేసరికి సగం తేరుకున్నాడు. మనాలీ నుంచే ఎక్కాలనుకుంటే 3,200 మీటర్ల జిస్పాలో రెండు రాత్రులు ఉండి, మూడో రోజు చీకటితో బయలుదేరి ఒక్క బిగిన లేహ్ చేరే ప్రయత్నం చేయండి.

హైదరాబాద్ నుంచే బండి మీద వెళ్లాలా? రైల్లో వేస్తే పరువు తక్కువా?

పరువుదేముంది! 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే శ్రీనగర్ దాకా పోతుంది, నిజమే. ఢిల్లీ దాకా సుమారు 1,580 కిలోమీటర్లు, మూడు రోజులు. కానీ జూన్ మొదట్లో ఆదిలాబాద్ దాటి నాగపూర్, ఝాన్సీ ఎండలో జాకెట్ వేసుకుని నడిపితే కొండ కనబడకముందే మనిషి వాడిపోతాడు. సెలవు తక్కువగా ఉంటే బండిని ఢిల్లీ దాకా రైలు పార్సిల్‌లో వేయండి. ఆర్సీ, గుర్తింపు కార్డు కాపీలు కావాలి. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. అద్దాలు విప్పి బ్యాగులో పెట్టుకోండి, గోనెపట్టా కట్టేవాళ్లు స్టేషన్ దగ్గరే ఉంటారు. మీరు చేరడానికి రెండు మూడు రోజుల ముందే పంపేయండి.

మనాలీలో బండి అద్దెకు తీసుకుంటే సరిపోతుందిగా?

లేహ్ దాకా సరిపోతుంది. అక్కడి నుంచి నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు లాంటి చోట్లకు బయటి ఊళ్ల అద్దె బళ్లను స్థానిక బైక్ అద్దె సంఘాలు వెళ్లనివ్వవు, మధ్యలో ఆపి వెనక్కి పంపుతాయి. ఆ భాగానికి లేహ్‌లోనే ఇంకో బండి తీసుకోవాలి. సొంత బండి అయితే ఈ బాధ లేదు, కానీ ఆర్సీ మీ పేరునే ఉంటే మంచిది. బావమరిది బండి అని చెప్పి ఒప్పించడానికి అరగంట పడుతుంది.

ఎన్ని రోజుల సెలవు, ఎంత డబ్బు?

బండి మీద వెళ్లి బండి మీద రావాలంటే 20 రోజులు. అటూ ఇటూ రైలు పార్సిల్ అయితే 14. అందులో రెండు రోజులు ఏ ప్లానూ లేకుండా ఖాళీగా ఉంచండి, రోడ్డు మూసుకుపోయేది కచ్చితంగా మీరు వెళ్లిన వారమే. డబ్బు అంకె చెప్తే ఆర్నెల్లకు పాతబడుతుంది కాబట్టి లెక్క చెప్తాను: హైదరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా, లదాఖ్‌లో తిరుగుళ్లు కలిపి 6,500 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు 30 ఇచ్చే బండికి దాదాపు 217 లీటర్లు. దానికి రాత్రి బసలు, రోజుకు మూడు పూటల తిండి, వెళ్లేముందు సర్వీసు, వచ్చాక సర్వీసు కలపండి. మొత్తం వచ్చాక దానిలో నాలుగో వంతు విడిగా దాచుకోండి.

పర్మిట్ కావాలా?

భారతీయులకు నుబ్రా, పాంగాంగ్ లాంటి చోట్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ అవసరం 2021లో తీసేశారు. పర్యావరణ రుసుము మాత్రం కట్టి రసీదు దగ్గర పెట్టుకోవాలి. సరిహద్దు ప్రాంతం కాబట్టి నియమాలు మారుతుంటాయి, బయలుదేరే వారం ముందు లేహ్ జిల్లా యంత్రాంగం వెబ్‌సైట్ చూసుకోండి. ఆధార్ జిరాక్సులు ఓ పది ఉంచుకోండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన బంధువులకు లెక్క వేరు, వాళ్లకు పర్మిట్ తప్పనిసరి.

మన దగ్గర ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి?

మలుపులకు శ్రీశైలం ఘాట్, అరకు, లంబసింగి. నల్లమల అడవిలో రాత్రి గేట్లు మూసేస్తారు, పగలే దాటేలా చూసుకోండి. లదాఖ్‌లో మోసే సామానంతా కట్టుకుని వెళ్తేనే అది ప్రాక్టీస్. ఎత్తుకు మాత్రం మన దగ్గర ప్రాక్టీస్ లేదు. ఆంధ్రలో అన్నిటికంటే ఎత్తైన కొండే 1,700 మీటర్లు దాటదు.

## బండి, సామాను

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, నుబ్రా దారిలోని ఖర్దుంగ్ లా ఎక్కుతుందా?

ఎక్కుతుంది. అదే కంపెనీ హిమాలయన్ బండి 2016లో రాకముందు జనం వెళ్లింది బుల్లెట్ల మీదే, పల్సర్ల మీదే. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే కాబట్టి ఇంజిన్‌కు ఊపిరాడదు, బలం బాగా పడిపోతుంది. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బళ్లు పెట్రోలును వాటంతటవే తగ్గించుకుంటాయి. పాత కార్బురేటర్ బళ్లు నల్లపొగ వదులుతూ మొరాయిస్తాయి. ఎక్కువమంది పాడుచేసుకునేది క్లచ్ ప్లేట్లు. బండి లాగడంలేదని సగం క్లచ్ నొక్కి రేజ్ చేస్తారు, అవి కాలిపోతాయి. ఫస్ట్ గేర్‌లో, క్లచ్ పూర్తిగా వదిలేసి, నడకంత వేగంతోనైనా సరే వెళ్లనివ్వండి. వెనక మనిషి ఉంటే నిటారు చోట్ల దిగి నడవమనకండి పాపం, ఆ ఎత్తులో నాలుగడుగులకే ఆయాసం. వాళ్ల సామాను తగ్గించండి.

ఏ స్పేర్లు పెట్టుకోవాలి?

క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ముందూ వెనకా ట్యూబులు, పంచరు కిట్, చిన్న గాలి పంపు, స్పార్క్ ప్లగ్గు, ఫ్యూజులు, చెయిన్ లింకు, క్లచ్, బ్రేక్ లివర్లు, లీటరు ఇంజిన్ ఆయిల్. ఒకే మోడల్ బళ్లు నాలుగుంటే ఒక సెట్టు చాలు. ట్యూబు మార్చడం రాని వాడికి ట్యూబు ఇచ్చి లాభం లేదు. బయలుదేరే ముందు మీ మెకానిక్ షెడ్డులో కూర్చుని మీ చేత్తో ఒకసారి మార్చండి.

పెట్రోలు దొరక్కపోతే?

మనాలీ దారిలో టాండీ బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అనే బోర్డు ప్రతి రైడర్ ఫొటోలోనూ ఉంటుంది. ఆ లెక్కతోనే నింపుకోండి. లేహ్ వైపు నుంచి వస్తే కారూ బంకులో. క్లాసిక్ ట్యాంకు 13 లీటర్లు, ఎత్తులో మైలేజీ పడిపోతుంది కాబట్టి 5 లీటర్ల డబ్బా అదనంగా కట్టండి. దాన్ని సైలెన్సర్ వైపు కట్టొద్దు.

ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

పట్టుకెళ్లకపోతే రానివ్వం. నూనె కారకుండా డబ్బాను రెండు కవర్లలో బిగించి, బట్టల బ్యాగులో కాకుండా విడిగా పెట్టండి. నా స్లీపింగ్ బ్యాగుకు ఇప్పటికీ మెంతిపొడి వాసన వస్తుంది. కందిపొడి, కరివేపాకు పొడి ఇంకా సులువు. పైన దాబాల్లో అన్నం, రాజ్మా, మ్యాగీ, తుక్పా (నూడుల్స్ సూప్) దొరుకుతాయి. మనాలీ దారిలోని పాంగ్ లాంటి ఎత్తైన చోట నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు. సొంతంగా గిన్నెలో వండుకుందామనే సరదా ఉంటే నూడుల్స్‌తో సరిపెట్టుకోండి. మొదటి రెండు రోజులు మాత్రం కారం, నూనె తగ్గించండి, ఎత్తులో అరుగుదల మందగిస్తుంది.

చలికి ఏం వేసుకోవాలి?

ఒక్క దళసరి కోటు కంటే మూడు పలచని పొరలు మేలు. పైన గాలి, వాన ఆపే పొర. గ్లవ్స్ రెండు జతలు, సాక్సులు నాలుగు జతలు.

## దారిలో

ఘాట్ రోడ్డు మీద గుంపుగా ఎలా నడపాలి?

హైవే మీద ఒకరు ఎడమ, తర్వాతివాళ్లు కుడిగా, ఇలా మార్చి మార్చి రెండు వరుసల్లో వెళ్తాం. ఘాట్ రాగానే ఒక్కటే వరుస. ముందువాడి వెనక చక్రం కాదు, మలుపు చివర చూస్తూ నడపాలి. పైకి ఎక్కే బండికే ముందు దారి, దిగేవాళ్లు ఆగాలి, అది నియమం. ఆర్మీ కాన్వాయ్ ఎదురైతే పక్కకు తీసి ఇంజిన్ ఆపి నిలబడండి. దారి చీలిన ప్రతిచోటా వెనకవాడు కనబడేదాకా మీరు కదలకూడదు. ఈ ఒక్క పద్ధతి అందరూ పాటిస్తే ఎవరూ తప్పిపోరు, ఫోన్ అవసరమే రాదు.

వాగులు ఎలా దాటాలి?

పొద్దున్నే దాటాలి. అవి మంచు కరిగిన నీళ్లు. ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతాయి, మధ్యాహ్నానికి పొద్దున మడమలు తడిపిన వాగు మోకాళ్లకు వస్తుంది. ముందు ఆగి ఇంకో బండి ఎలా దాటిందో చూడండి. ఫస్ట్ గేరు, ఒకే వేగం, మధ్యలో క్లచ్ నొక్కొద్దు, చూపు అవతలి ఒడ్డు మీద. నీళ్ల కింద గుండ్రటి రాళ్లుంటాయి, హ్యాండిల్ కాస్త అటూ ఇటూ ఆడుతుంది, ఆడనివ్వండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకండి, సైలెన్సర్ మునిగితే నీళ్లు లోపలికి పోతాయి. ఇద్దరు దిగి తోసేయడమే. మేం ఒక్కొక్కరే దాటుతాం, దాటినవాడు బూట్లు విప్పి నీళ్లు పారబోయడం మానేసి అవతలి ఒడ్డున నిలబడి తర్వాతివాణ్ని అందుకోవాలి.

జియో ప్రీపెయిడ్ పనిచేస్తుందా?

ఏ కంపెనీదైనా బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కశ్మీర్, లదాఖ్‌లలో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. మనాలీ దారిలో దార్చా దాటాక ఉప్షీ దగ్గరికి వచ్చేదాకా ఎక్కువ భాగం సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే ఫోన్‌లో దింపుకోండి.

## పైకి చేరాక

ఎత్తు వల్ల వచ్చే జబ్బు నాకు రాదు, రోజూ జిమ్‌కి వెళ్తాను. నిజమేనా?

కాదు. జిమ్‌కి దీనికి సంబంధం లేదు. మా గ్రూపులో పొట్టతో ఉన్న 50 ఏళ్ల అన్న హాయిగా తిరిగాడు, మారథాన్ పరుగెత్తే కుర్రాడు మంచం పట్టాడు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మొదటి గుర్తులు. అవి ఉంటే ఇంకా పైకి వెళ్లి పడుకోవద్దు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాట తికమక పడటం వస్తే వెంటనే కిందికి దించాలి, రాత్రైనా సరే. మనిషి ‘నాకేం కాలేదు, మీరు పదండి’ అంటాడు. నమ్మకండి, అలా అనడం కూడా ఆ జబ్బులో భాగమే కావచ్చు. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి ఉంది. పాంగ్‌లో ఆర్మీ ట్రాన్సిట్ క్యాంపు ఉంది.

ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకోవాలా? ఆక్సిజన్ డబ్బా కొనాలా?

మాత్ర విషయం మీ డాక్టర్‌ని ఇంటి దగ్గరే అడగండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. పక్కవాడు ఇచ్చాడని మింగొద్దు. చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపు ఊరటనిస్తుంది, అంతే. అది ఉందన్న ధైర్యంతో పైనే ఉండిపోవడం తప్పు.

లేహ్ చేరిన రోజు ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. రెండు రోజులు పడుకోండి, నీళ్లు తాగండి, బజారులో మెల్లగా నడవండి. తర్వాత ముందుగా నుబ్రా. ఖర్దుంగ్ లా మీద ఓ పావుగంట మించి ఆగకుండా దాటితే అవతల నుబ్రాలోని హుందర్ ఊరు లేహ్ కంటే కిందే ఉంటుంది. 4,200 మీటర్ల పాంగాంగ్ ఒడ్డున పడుకోవడం ఆ తర్వాతే.

ఖర్దుంగ్ లా ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డా?

కాదు. బోర్డు మీద ఏళ్ల తరబడి 18,380 అడుగులని ఉంది గానీ, సరైన కొలత 17,582 దగ్గర. హన్లే వైపు ఉన్న ఉమ్లింగ్ లా 19,024 అడుగులు. బోర్డు దగ్గర ఫొటో కోసం క్యూ మాత్రం ఖర్దుంగ్ లాదే పెద్దది.

## తిరిగొచ్చాక

బండికి ఏం చేయించాలి?

ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి, మనాలీ దారిలోని మోరే మైదానాల దుమ్మంతా అందులోనే ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు, చక్రాల బేరింగులు, స్పోకులు చూపించండి. సామాను కట్టిన క్యారియర్ బోల్టులు, వెల్డింగులు పగిలాయేమో వెతకండి.

లదాఖ్ వెళ్లొచ్చినవాళ్లకు క్లబ్బులో బ్యాడ్జి ఇస్తారా?

మా దగ్గర ఇవ్వరు. వచ్చిన తర్వాతి ఆదివారం అనంతగిరి రైడ్‌లో స్వీప్ డ్యూటీ ఇస్తారు. టీ బండి దగ్గర 5:30కి కలుద్దాం, ట్యాంకు ముందురోజే నింపుకోండి.